మైనం మీద గుర్తు

నాలుగూ పన్నెండు బస్సు వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూడక్కర్లేదు నాకు, మా గేటు ముందు స్టాపులో తలుపులు మూసుకునేటప్పుడు అది విడిచే ఊపిరి చాలు. ఈ ఊరి బస్సుల వేళలు కట్టేది నేనే, డిపో ఆఫీసులో, నాలుగేళ్ళుగా. ఇంకా మూడున్నాయి. నాలుగూ ఇరవై నాలుగు, నాలుగూ ముప్ఫై ఆరు, నాలుగూ నలభై ఎనిమిది. ఇక్కణ్ణించి స్టేడియం పక్కనున్న క్రీడాసంఘం ఆఫీసుకి తొమ్మిది నిమిషాలు. నలభై ఎనిమిది ఎక్కినా యాభై ఏడుకి దిగుతాను, మెట్లెక్కి ఐదులోపు కార్యదర్శి బల్ల మీద కాగితం పెట్టొచ్చు. ఐదు దాటాక ఎంత నిజమైనా పుచ్చుకోరు. నిన్న జరిగిన లాంగ్‌జంప్ మీద అభ్యంతరాలు గానీ సవరణలు గానీ ఇవాళ ఐదింటిదాకానే, ఆ తర్వాత మొదటి ముగ్గురు అమ్మాయిల పేర్లు శిక్షణ శిబిరానికి వెళ్ళిపోతాయి. ఆ ముగ్గురిలో ఉండాల్సిన పిల్ల ఒకతె లేదు. లేకుండా చేసింది నేను. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పిల్ల తండ్రి మా ఇంటి ఓనరు. అద్దె ఒప్పందం పొడిగించే కాగితం పట్టుకుని నాలుగుంబావుకి వస్తానన్నాడు.

కుర్చీ కిటికీకి ఎదురుగా వేసుకున్నాను, మళ్ళీ తలుపుకి ఎదురుగా తిప్పుకున్నాను. అత్తయ్య గోడ వెంబడి నడుస్తోంది. హాలు ఈ కొస నుంచి వంటింటి గుమ్మం దాకా గోడకి బిగించిన స్టీలు కడ్డీ, దాని మీద ఆవిడ ఎడమచెయ్యి, కుడికాలు నేలని కాస్త రాసుకుంటూ వస్తుంది, చీపురుతో తుడిచినట్టు చిన్న చప్పుడు. ఇరవై ఒకటి, ఇరవై రెండు. పక్షవాతం వచ్చిన కొత్తలో మంచం మీంచి కుర్చీకి చేర్చడానికి ఇద్దరం పట్టేవాళ్ళం, ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు ఈ గోడని కొలుస్తుంది. ఆ కడ్డీ బిగించింది ఓనరే. పళ్ళ డాక్టరు, బాక్సింగు పిల్లలకి పళ్ళు రాలకుండా నోట్లో పెట్టుకునే తొడుగులు చేస్తాడు, ఒక ఆదివారం డ్రిల్లింగ్ మిషనుతో వచ్చి, "పళ్ళకైతే మత్తు ఇస్తాం, గోడకి అక్కర్లేదు" అంటూ తనే కన్నాలు వేశాడు. ఆయన మంచివాడు కాకపోతే ఎంత బాగుండేది. "అల్లుడుగారూ," అంది అత్తయ్య ఆగకుండానే, "ఆ గడియారాన్ని అలా చూస్తే అది సిగ్గుపడి ఆగిపోతుంది." మాట కూడా నెమ్మదిగా తిరిగి వస్తోంది ఆవిడకి, కానీ వెటకారం మాత్రం ఒక్కరోజు కూడా పోలేదు, ఆసుపత్రి డాక్టరే ఆశ్చర్యపోయాడు, మెదడులో వెటకారానికి వేరే గది ఉన్నట్టుంది అన్నాడు. ఇరవై ఆరు, ఇరవై ఏడు. అవతల లాన్ దాటితే వ్యాయామ చికిత్స హాలు, చక్రాలకుర్చీ తోసుకుంటూ నాలుగు నిమిషాలు. ఈ ఇల్లు పోతే ఆ నాలుగు నిమిషాలు పోతాయి, ఈ కడ్డీ పోతుంది, మళ్ళీ ఏదో మూడో అంతస్తు, మళ్ళీ లిఫ్టు బాగుచేస్తున్నారన్న బోర్డు.

ఇది ఆటల ఊరు, ఇక్కడ కింది అంతస్తు దొరకడమంటే మాటలు కాదు. మోకాలు చిరిగినవాళ్ళకి, మడమ విరిగినవాళ్ళకి ముందు, మిగిలితే మిగతా వాళ్ళకి. ఎక్కడైనా కొత్తగా వెళ్తే ఏ ఊరు, ఏం ఉద్యోగం అని అడుగుతారు, ఇక్కడ తలుపు సగం తెరిచి "ఏం ఆట?" అంటారు. అద్దెకి ఇల్లు చూడబోతే గదులకంటే ముందు ఈత కొలను చూపిస్తారు, పడగ్గదిలో మంచం పట్టదు గానీ డాబా మీద పరుగుబాట ఉంటుంది. ఏం ఆట అంటే నేనూ మా ఆవిడా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకునేవాళ్ళం, పెళ్ళిచూపుల్లో పాట పాడమంటే చూసుకున్నట్టు. ఏమీ ఆడం అంటే వాళ్ళ మొహంలో జాలి, తర్వాత అనుమానం, తర్వాత ఇంకెవరో అడిగారండీ అనే మాట. ఐదిళ్ళు. ఆరోది ఈయనది. "ఎవరూ ఆడరా? అబ్బ, అయితే నా గోడలు బతికాయి" అన్నాడు, తాళం చేతిలో పెట్టాడు. ఆ తర్వాత నేను సాయంత్రం తరగతులకి వెళ్ళి లాంగ్‌జంప్ జడ్జి పరీక్ష పాసయ్యాను. ఎందుకు రాశానని ఇప్పుడు నన్ను నేను అడిగితే జవాబు సిగ్గుగా ఉంటుంది. ఆట మీద ప్రేమతో కాదు. ఏం ఆట అని అడిగితే చెప్పుకోవడానికి. ఛాతీ మీద గుర్తింపు బిళ్ళ, తెల్ల టోపీ, చేతిలో రెండు జెండాలు. కూరగాయల కొట్టు దగ్గర ఎవరో "జెండా మాస్టారూ" అని మొదటిసారి పిలిచిన రోజున ఇంటికొచ్చి ఆ మాట మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను. రెండోసారి చెప్పినప్పుడు నవ్వింది. "పేరు పెట్టారుగా, ఇంక ఊళ్ళోవాడివైపోయావు" అంది. అవును, అదే. ఊళ్ళోవాణ్ణి అవడం.

ఇరవై నాలుగు బస్సు. ఊపిరి విడిచింది, వెళ్ళింది. డాక్టరు ఆలస్యం. ఎవరికో పన్ను నొప్పి అయుంటుంది, ఆ నొప్పి ఐదింటిదాకా సాగితే, అప్పుడు ఇంక నేను చేయగలిగింది ఏమీ ఉండదు. ఈ ఆలోచన ఎంత చల్లగా ఉందో. ఎవరిదో పన్ను నొప్పెడితే బాగుండునని కోరుకునే స్థితికి వచ్చాను. నిన్న ఈ వేళకి ఎండ ఏటవాలుగా ఇసుక మీద పడుతోంది. నేను చిన్న ముక్కాలిపీట మీద, పలక పక్కన. పరుగెత్తి వచ్చే బాట చివర తెల్లపలక, దానికి అంటుకుని అవతల వేలెడు వెడల్పున మెత్తటి మైనం పట్టీ, తర్వాత ఇసుక. పలక మీద ఎక్కడ కాలేసినా ఫరవాలేదు, మైనం మీద బూటు గుర్తు పడితే దాటినట్టు. గుర్తుంటే ఎర్ర జెండా, లేకపోతే తెల్లది. చిన్నపిల్లలు కూడా చేయగలిగిన పని. ప్రతి దూకు తర్వాతా రేకుతో మైనాన్ని నున్నగా రాయాలి, అంతే, పాత గుర్తు ఉండకూడదు. తరగతిలో మొదటిరోజు చెప్పిన మాట అది. ఆఖరి వరసలో ఒక పొడుగమ్మాయి దాటింది, లోతుగా పడింది గుర్తు, ఎర్ర జెండా ఎత్తాను. దించుతూ కంచె వైపు చూశాను. డాక్టరు అక్కడ నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ కంచె మీద పెట్టుకుని, నా వైపు కాదు, తన కూతురి వైపు చూస్తున్నాడు. కూతుర్ని ఊరంతా మిడత అంటారు, పదిహేనేళ్ళది, కాళ్ళు తప్ప ఒంట్లో ఇంకేమీ లేనట్టుంటుంది. ఐదో స్థానంలో ఉంది, తర్వాతి దూకు తనదే, అదే ఆఖరిది. రేపు ఈయన సంతకానికి వస్తాడు అనుకున్నాను. ఏడాదికి పొడిగిస్తాడా, ఆర్నెల్లకా అనుకున్నాను. నేను ఇక్కడ కూర్చోవడం చూసి ఏమనుకుంటున్నాడో అనుకున్నాను. రేకు నా ఒళ్ళోనే ఉంది.

ఫోను మోగింది. మా ఆవిడ. ఈత కొలనులో నీళ్ళు పరీక్షించే పని తనది, వెనకాల పిల్లల కేకలు నీళ్ళ మీంచి పగిలి వస్తున్నాయి. "వచ్చాడా?" ఇంకా లేదన్నాను. "వస్తే కాస్త మంచినీళ్ళైనా ఇవ్వు, రెఫరీలా నిలబడకు. వంటింట్లో కుళాయి సంగతి అడుగు. అది కాదుగానీ, నీ గొంతేంటి అలా ఉంది?" ఏం లేదన్నాను. "నిన్న రాత్రి కూడా ఏం లేదనే అన్నావు." అప్పుడే చెప్పేయొచ్చు. నాలుక కదిలింది కూడా. "సరే, అమ్మకి నాలుగున్నరకి మాత్ర" అని పెట్టేసింది. తన జుట్టులో ఎప్పుడూ కొలను వాసన, నిన్న రాత్రి ఆ వాసన పక్కన పడుకుని కళ్ళు మూసుకుంటే కాలు కనిపించింది. మిడత కుడికాలు. పలక అంచుకి ఇవతల ఆగింది. మళ్ళీ కళ్ళు మూసుకుంటే అంచు దాటింది. నేను నిజంగా చూశానా? ఆ పిల్ల పరుగెత్తుకు రావడం గుర్తుంది, బూట్ల చప్పుడు దగ్గరవడం గుర్తుంది, గాలి మొహానికి కొట్టడం గుర్తుంది, కాలు పలక తాకిన క్షణం మాత్రం ఖాళీ. ఆ ఖాళీలో మనసు తనకి కావలసిన బొమ్మ పెట్టుకుంటోంది, ఒకసారి ఇది, ఒకసారి అది. తల తిప్పి మైనం చూశాను. గుర్తుంది. ఎర్ర జెండా. ఇదంతా రెండు క్షణాలు. నా చెయ్యి ఎంత తొందరగా లేచిందంటే, ఆ తొందర ఇప్పుడు తల్చుకుంటే మెడ వెనక వేడిగా ఉంటుంది.

తర్వాత వంగాను, రేకుతో రాయబోయాను. అప్పుడు చూశాను సరిగ్గా. బూటు ముందు భాగం మైనంలో దిగితే బొటనవేలి వైపు లోతుగా ఉంటుంది. ఈ గుర్తుకి లోతు కుడివైపు ఉంది. అంటే ఎడమకాలు. పొడుగమ్మాయి ఎడమకాలితో లేస్తుంది. మిడత కుడికాలితో. ఉన్నది ఒకటే గుర్తు, అది అంతకుముందు పిల్లది, నేను చెరపడం మర్చిపోయినది. మిడతది లేనే లేదు. ఇసుకలో తను పడ్డ గుంట నా కళ్ళెదురుగానే ఉంది, మూడో స్థానం జెండాకి అవతల, బెత్తెడు అవతల, ఎవరూ కొలవలేదు, దాటిన దూకుని కొలవరు కదా. పిల్ల ఇసుకలోంచి లేచి నావైపు తిరిగి అరిచింది. "నేను దాటలేదు! అబద్ధం! మళ్ళీ చూడండి!" అప్పటికి రెండు వందలమంది నన్నే చూస్తున్నారు. చూశాను మరి. మళ్ళీ చూశాను. చూసి, బొటనవేలితో చెరిపేశాను. రేకుతో కూడా కాదు, వేలితో. ఇసుక సాపు చేసేవాడు పారతో వచ్చాడు, గుంట కూడా పోయింది.

ఎర్రది దించి తెల్లది ఎత్తితే ఏమవుతుంది? అద్దెకున్నవాడు ఓనరు కూతురికి జెండా మార్చాడంటారు. అంతే కదా నేను భయపడింది. ఇక్కడ ఎవరు ఎవరి ఇంట్లో ఉంటున్నారో అందరికీ తెలుసు. నిజానికి తెల్లది ఎత్తి తప్పు దిద్దుకోవడానికి అర నిమిషం పట్టేది, మైనం చూపించి, ఇదిగో ఎడమకాలు అంటే అయిపోయేది. కానీ ఆ అర నిమిషంలో నేను ఎవరో ఒకరి అద్దెదారుణ్ణి అయిపోతాను, జెండా మాస్టార్ని కాను. మా నాన్న ఐదో తరగతి పంతులు, నేను ఆయన తరగతిలోనే చదివాను, కొడుకని ఎవరూ వేలెత్తి చూపకుండా నాకు ప్రతి పరీక్షలోనూ ఐదు మార్కులు తగ్గించి వేసేవాడు. ఒకసారి లెక్కల్లో అన్నీ సరిగ్గా చేసినా తొంభై ఐదు. ఎందుకని అడిగితే, "నువ్వు నా కొడుకువి కాబట్టి" అన్నాడు. ఊరు ఊరంతా పంతులుగారి నిజాయితీ అని చెప్పుకుంది. నేను కూడా చెప్పుకున్నాను, గర్వంగా, ఆ ఐదు మార్కులు ఎవరివో ఆలోచించకుండా. ఆయన మంచిపేరు నా కాగితం మీంచి కోసుకున్నదే అని నిన్న రాత్రి, నలభై రెండేళ్ళకి, మంచం మీద పక్కకి తిరుగుతుంటే తెలిసింది. తెలిసి కూడా పొద్దున లేచి గడ్డం గీసుకున్నాను. నేను చేసిందీ అదే, కాకపోతే నాన్న కోసుకున్నది సొంత కొడుకుది.

ముప్ఫై ఆరు. అత్తయ్యకి మాత్ర ఇచ్చి ఆరు నిమిషాలైంది. చొక్కా జేబులో మడిచిన కాగితం ఉంది, పొద్దున డిపోలో రాశాను, మూడు వాక్యాలు. పాత గుర్తును చెరపకపోవడం వల్ల పొరపాటున ఎర్ర జెండా చూపాను. ఆ దూకు సరైనది. బదులు దూకు ఇప్పించగోరుతాను. సంఘం నియమాల్లో ఉంది, జడ్జి తప్పువల్ల కొలవకుండా పోయిన దూకుకి ఇంకో దూకు ఇస్తారు, జడ్జి బిళ్ళ మాత్రం వెనక్కి తీసుకుంటారు. ఒక్క దూకు, అంతే, ఆ పిల్లకి రావలసింది. లేచి చెప్పుల దాకా వెళ్ళాను. బస్సు తలుపులు తెరుచుకున్న చప్పుడు. మూడో స్థానంలో వచ్చిన పిల్ల గుర్తొచ్చింది, దాని తల్లి ఏడ్చింది ఆనందంతో, ఇప్పుడు ఆ పిల్లకి ఎవరు చెప్తారు, ఇదొక న్యాయమా అనుకున్నాను. మనసు ఎంత గడుసుదో, తప్పించుకోవడానికి కూడా ఇంకొకరి మీద జాలే వెతుక్కుంటుంది. తలుపులు మూసుకున్నాయి. చెప్పుల దగ్గరే నిలబడి ఉన్నాను. "ఏదో మింగారు మీరు," అంది అత్తయ్య వెనకనించి. కడ్డీ పట్టుకుని ఆగింది. "నిన్నటి నుంచి చూస్తున్నా. గొంతులో అడ్డం పడింది. అన్నమైతే నీళ్ళు తాగితే దిగుతుంది, మాటైతే దిగదు." ఏం లేదత్తయ్యా అన్నాను. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాట్ట ఒకడు. మిమ్మల్ని నేనింకా దొంగ అనను కూడా అనలేదు." నవ్వు రాలేదు నాకు. నాలుగూ నలభైకి తలుపు గంట మోగింది.

డాక్టరు చెమటతో వచ్చాడు, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. "క్షమించాలి జెండా మాస్టారూ, ఒక బాక్సరు కుర్రాడు, నోరు తెరవమంటే ఏడుపు, రింగులో మాత్రం పులిట. ఏమ్మా, ఎన్ని అడుగులైంది ఇవాళ?" అత్తయ్య ముప్ఫై నాలుగు అంది. "శభాష్, నా పేషెంట్లు ఎవరూ ఇంత మాట వినరు." నేను మంచినీళ్ళు తెచ్చాను. గ్లాసు బల్ల మీద పెడుతుంటే కొంచెం ఒలికింది, ఆయన చేతిరుమాలుతో తనే తుడిచాడు. కుర్చీలో కూర్చుని కాగితం తీసి నావైపు తిప్పాడు, మూడేళ్ళు అని రాసి ఉంది. ఏడాది కదా అన్నాను. "నిన్నటిదాకా ఏడాదే. నిన్న చూశాక మార్పించాను. నా కూతురికి ఎర్ర జెండా ఎత్తగలిగిన మనిషి ఇంట్లో ఉంటే నాకు భరోసా. ఇలాంటివాడు ఉండగా ఇంటికి తాళం కూడా అక్కర్లేదనిపించింది. నిజం చెప్తున్నా, అక్కడ నేనే ఉంటే చెయ్యి వణికేది. మీకు వణకలేదు." కలం మూత తీసి పెట్టాడు. వణకలేదు, నిజమే. గోడ గడియారంలో నాలుగూ నలభై మూడు.

"ఇంకోటి," అన్నాడు, ఫోల్డరు అడుగునించి నోటుపుస్తకం కాగితం ఒకటి తీస్తూ. "అందరి ముందు మిమ్మల్ని అబద్ధం అని అరిచింది. ఇంట్లో అలా పెంచలేదు దాన్ని. రాత్రంతా దాటలేదు దాటలేదు అని ఒకటే గొడవ. చివరికి కూర్చోబెట్టి చెప్పా, అమ్మా, నీకు అనిపించడం వేరు, చూడటం వేరు, ఆయనకి చూడటమే పని. మొదటిసారి దాన్ని అబద్ధాలకోరు అన్నాను. క్షమాపణ రాయించాను. మీరు ఒకసారి చదవాలి, అప్పుడే దానికి బుద్ధొస్తుంది." అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, రెండుచోట్ల కొట్టేసి దిద్దింది. నమస్కారం. నిన్న అందరి ముందు అరిచినందుకు క్షమించండి. నేను పలక మీదే కాలేశానని నాకు అనిపించింది, పాదానికి చెక్క తగిలినట్టే అనిపించింది, మైనం మెత్తగా తగల్లేదు. కానీ మీరు చూశారు, నేను చూడలేదు. నాన్న కూడా అదే చెప్పారు. ఇక నుంచి నా కాలికి ఏమనిపించిందో నమ్మను. జెండానే నమ్ముతాను. అంతే ఉత్తరం. కింద పేరు.

నా కాలికి ఏమనిపించిందో నమ్మను. ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను. దూకేవాళ్ళకి ఉన్నదంతా అదే. కళ్ళు ముందుకి ఉంటాయి, ఇసుక మీద, పలకని చూడరు, చూస్తే దూకలేరు, కాలే చెప్పాలి ఇది చెక్క, ఇది మైనం అని. పదిహేనేళ్ళది, దాని కాలు నిజం చెప్పింది, దాన్నే అబద్ధం అనిపించాం ఇద్దరం కలిసి, ఒకడు జెండాతో, ఒకడు ప్రేమతో. శిబిరం ఈ ఏడు పోతే వచ్చే ఏడు వస్తుంది అని రాత్రి ఒక ఓదార్పు అట్టేపెట్టుకున్నాను, అది ఇప్పుడు చేతిలోంచి జారిపోయింది. వచ్చే ఏడు పరుగెత్తుకొచ్చేటప్పుడు ఈ పిల్ల తల వంచి పలక చూసుకుంటుంది. కలం మూత తీసే ఉంది. బయట బ్రేకు, తలుపులు, ఊపిరి. నలభై ఎనిమిది. వెళ్ళిపోయింది.

"మీ అమ్మాయి దాటలేదండీ," అన్నాను. డాక్టరు నవ్వుమొహంతోనే చూస్తున్నాడు, మాట ఇంకా లోపలికి వెళ్ళలేదు. మళ్ళీ అన్నాను, దాటలేదు, అది అంతకుముందు పిల్ల గుర్తు, నేను చెరపడం మర్చిపోయాను. జేబులో కాగితం తీసి బల్ల మీద పెట్టాను, ఒప్పందం పక్కన. ఆయన చదివాడు. ఒకసారి, ఇంకోసారి. నవ్వు ఎప్పుడు పోయిందో తెలియదు. "ఎప్పుడు తెలిసింది మీకు?" అప్పుడే. "అప్పుడే అంటే?" జెండా ఎత్తాక, మైనం సాపు చేయబోతూ. "అంటే అది అరుస్తున్నప్పుడు మీకు తెలుసు." తెలుసు. "అది మళ్ళీ చూడండి అన్నప్పుడు." చూశాను అన్నాను, చూసి చెరిపేశాను. ఈ మాట ఎందుకు చెప్పానో, చెప్పకపోయినా ఆయనకి తెలిసేది కాదు, కానీ అది చెప్పకపోతే మిగతాది చెప్పినట్టు కాదు. ఆయన దవడ కదిలింది. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది, కొడితే సరిసమానం అయిపోతుంది కదా, దానికీ సిద్ధపడింది మనసు. కొట్టలేదు. "నేను రాత్రి దాన్ని ఏమన్నానో తెలుసా మీకు," అన్నాడు, నాతో కాదు, గోడ మీది కడ్డీతో అన్నట్టు. "అన్నం తినలేదు అది."

"తర్వాత తిట్టుకోండి," అంది అత్తయ్య. కడ్డీ వదిలేసి నిలబడి ఉంది, దేన్నీ పట్టుకోకుండా, నేనూ ఆయనా ఇద్దరం చూడలేదు ఎప్పుడు వదిలిందో. "ఆ ఆఫీసులో కాగితాలు పుచ్చుకునేది ఐదింటిదాకానే కదా? మీకు కారుందిగా డాక్టరుగారూ?" ఆయన గడియారం చూశాడు. యాభై ఒకటి. అత్తయ్య చేతిని నా చేత్తో కడ్డీ మీదికి చేర్చి, చెప్పులేసుకున్నాను. ఒప్పందం బల్ల మీదే ఉంది, సంతకం చోటు తెల్లగా. ఆయన దాన్ని ఫోల్డర్లో పెట్టుకోలేదు, నన్ను పెట్టమనీ అనలేదు. దాని సంగతి నాకు తెలియదు, ఇవాళ తెలియదు, మా ఆవిడకి సాయంత్రం అదే చెప్పాలి.

కారులో నిమ్మకాయ వాసన, పాదాల దగ్గర ఇసుక, వెనక సీట్లో పిల్ల బూట్ల సంచి. సైకిళ్ళ తరగతి పిల్లలు వరసగా రోడ్డు దాటుతుంటే ఆగాం, ఒకడు, ఇద్దరు, పద్నాలుగుమంది, బస్సుల కాగితం మీద ఈ దాటడానికి నేను నలభై సెకన్లు కట్టాను, ఈ నలభై సెకన్లు ఇంత పొడుగని తెలియక. ఆయన స్టీరింగు మీద వేళ్ళు బిగించి, ఫోను తీసి నంబరు నొక్కి నా ఒళ్ళో పడేశాడు. "నాకు చెప్పడం కాదు. దానికి చెప్పండి." మోగింది. నాలుగోసారికి తీసింది, "నాన్నా?" గొంతు బొంగురు. నేనమ్మా, నిన్న జెండా పట్టుకున్నాయన్ని అన్నాను. ఉత్తరం చదివానమ్మా, నీ తప్పేం లేదు, తప్పు నాది. నీ కాలు సరిగ్గా చెప్పింది. నువ్వు దాటలేదు. ఇప్పుడు ఆఫీసుకి వెళ్తున్నాం, ఇంకో దూకు ఇస్తారు. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, రెండిటికీ తల వంచుకున్నాను. అటునుంచి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. కారు సంఘం ఆఫీసు మెట్ల ముందు ఆగింది, యాభై ఏడు. నేను కాగితం చేత్తో పట్టుకుని దిగాను, ఫోను ఇంకా చెవి దగ్గరే.

"మా నాన్న పక్కనే ఉన్నారా?" అంది.

ఉన్నారన్నాను.

"ఆయనకి వినపడేలా ఇంకోసారి చెప్పండి."

ఫోను స్పీకర్లో పెట్టి, మెట్లెక్కుతూ, మూడు మెట్లు వెనకున్న మనిషికి వినపడేంత గట్టిగా చెప్పాను.